మన నగరానికి ప్రధాన స్టేషన్ ఏది?

(వరంగల్, కాజీపేట స్టేషన్లలోని ప్రయాణికుల వసతుల గురించి హనుమకొండలో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, గ్రంథాలయ నిర్వాహకులకు, సాయంత్రం పనులు మానుకొని వచ్చిన పెద్దలకు, పోటీ పరీక్షల పుస్తకాలు మూసిపెట్టి వెనుక వరుసల్లో కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. నగర ప్రధాన రైల్వే స్టేషన్ గురించీ, అందులో ప్రయాణికులకు ఉన్న వసతుల గురించీ మాట్లాడమని నన్ను కోరారు. నేను ఉద్యోగకాలంలో ఎక్కువ భాగం టికెట్ కిటికీకి లోపలి వైపున కూర్చున్నవాణ్ణి. పదవీ విరమణ తరువాత కిటికీకి బయట, వరుసలో నిలబడుతున్నాను. రెండు వైపులా చూసినవాణ్ణి కనుక నాలుగు మాటలు చెప్పగలననే ధైర్యంతో వచ్చాను.

అంశం చేతికి రాగానే నాకు ఎదురైన మొదటి ప్రశ్నను మీ ముందే పెడతాను. మన నగరానికి ప్రధాన స్టేషన్ ఏది? ఖమ్మంలోనో నిజామాబాదులోనో ఈ ప్రశ్న వేస్తే అడిగినవాణ్ణి వింతగా చూస్తారు. మన దగ్గర మాత్రం ఈ సభలోనే రెండు సమాధానాలు వస్తాయి. శివనగర్, ఖిలా వరంగల్ వైపువారు వరంగల్ స్టేషన్ అంటారు. ఫాతిమా నగర్, మడికొండ వైపువారు కాజీపేట జంక్షన్ అంటారు. నడుమ ఉన్న హనుమకొండవారు ఏ బండికి వెళ్ళాలో చెబితే ఏ స్టేషనో చెబుతామంటారు. వీరిలో హనుమకొండవారి సమాధానమే సరైనదని నా అభిప్రాయం. రైలు దారిలో పది కిలోమీటర్ల ఎడంతో ఉన్న ఈ రెండు స్టేషన్లు ఒకదానికి ఒకటి పోటీ కావు, ఒకదానికి బదులుగా మరొకటి పనికిరావు. నగరానికి కావలసిన ఒక పెద్ద స్టేషన్ రెండు ముక్కలై రెండు చోట్ల ఉన్నది. వసతుల గురించి మనం మాట్లాడుకోవలసిన మాటలన్నీ ఇక్కడి నుంచే మొదలుకావాలి.

ఇది ఎలా జరిగిందో తెలియాలంటే పట్టాల అమరికను కొంచెం ఓపికగా చూడాలి. పడమర నుంచి, అంటే సికింద్రాబాదు వైపు నుంచి, ఒక దారి కాజీపేటకు వస్తుంది. కాజీపేట దాటగానే అది రెండుగా చీలుతుంది. ఒకటి వరంగల్, మహబూబాబాద్, డోర్నకల్, ఖమ్మం మీదుగా విజయవాడకు పోతుంది. మరొకటి హసన్‌పర్తి, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల మీదుగా ఉత్తరాన బల్లార్షాకు పోతుంది. సికింద్రాబాదు నుంచి వచ్చే బండి ఈ రెండింటిలో ఏ వైపుకైనా ఇంజను తిప్పకుండానే సాగిపోతుంది. కానీ విజయవాడ వైపు నుంచి వచ్చి బల్లార్షా వైపు పోవలసిన బండి కాజీపేట జంక్షన్‌లోకి వస్తే ఇంజను ఆ కొస నుంచి ఈ కొసకు మార్చి వెనక్కు నడపాలి. ఆ పని తప్పించడానికి వరంగల్ వైపు నుంచి బల్లార్షా మార్గానికి నేరుగా కలిసే మూడవ దారి ఒకటి వేశారు. కాజీపేట టౌన్ అనే చిన్న స్టేషన్ ఆ దారిమీదిదే. మూడు దారులూ కలిసి ఒక త్రికోణం ఏర్పడింది. ఆ త్రికోణంలో ఒక మూల కాజీపేట జంక్షన్. వరంగల్ స్టేషన్ త్రికోణానికి వెలుపల, విజయవాడ వైపున ఉన్నది.

దీని ఫలితం మీరందరూ అనుభవించేదే. చెన్నై నుంచి ఢిల్లీ వెళ్ళే గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్, తమిళనాడు ఎక్స్‌ప్రెస్ వంటి బండ్లు వరంగల్‌లో ఆగుతాయి, కాజీపేట జంక్షన్‌ను తాకకుండా పోతాయి. హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్ళే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కాజీపేటలో ఆగుతుంది, వరంగల్ మొహం చూడదు. కొత్తగా వచ్చిన వందే భారత్ బండ్లు కూడా ఈ విభజనను మార్చలేదు. 2023 జనవరిలో మొదలైన సికింద్రాబాద్ – విశాఖపట్నం వందే భారత్‌కు వరంగల్‌లో హాల్టు ఇచ్చారు, 2024 సెప్టెంబరులో మొదలైన నాగపూర్ – సికింద్రాబాద్ వందే భారత్‌కు కాజీపేటలో ఇచ్చారు. సికింద్రాబాదు, విజయవాడల మధ్య నడిచే గోల్కొండ, శాతవాహన, కృష్ణా వంటి బండ్లకు మాత్రమే రెండు స్టేషన్లూ ఒకే వరుసలో వస్తాయి. కాబట్టి ఢిల్లీ వెళ్ళాలంటే ఏ స్టేషన్‌కు వెళ్ళాలి అన్నదానికి మన నగరంలో రెండు జవాబులున్నాయి, రెండూ నిజమే.

ఈ దారులు ఒకే కాలంలో పుట్టలేదు. నిజాం రాజ్యంలో మొదటి రైలు మార్గం వాడి నుంచి సికింద్రాబాదుకు 1874లో తెరిచారు. తరువాత నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఆ మార్గాన్ని తూర్పుకు పొడిగించి 1886లో వరంగల్‌కు, 1889లో బెజవాడకు చేర్చింది. ఆ పొడిగింపులో ప్రయాణికుల సౌకర్యం కంటె సింగరేణి బొగ్గు పాత్రే ఎక్కువ. డోర్నకల్ దగ్గర నుంచి ఇల్లెందు గనులకు చీలిన శాఖ ఆ సంగతి చెబుతూనే ఉన్నది. కాజీపేటకు అప్పటికి ఇప్పటి ప్రాముఖ్యం లేదు. ఉత్తరాన బల్లార్షా వరకు దారి వేయడం 1920ల చివరికి పూర్తయి, ఢిల్లీకీ మద్రాసుకూ మధ్య నేరుగా రాకపోకలు సాధ్యమైన తరువాతనే కాజీపేట జంక్షన్‌గా ఎదిగింది. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ 1929లో మొదలైనది ఆ దారి ఇచ్చిన అవకాశం వల్లనే. ఇంజన్ల షెడ్డులు, సిబ్బంది క్వార్టర్లు, బండి నడిపేవారు విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూములు కాజీపేటలో వెలిశాయి. బజారు, మిల్లు, ఆసుపత్రి, కోట వరంగల్ వైపున ఉండిపోయాయి. అంటే రైల్వేకు ముఖ్యమైన ఊరు ఒకటి, ప్రజలకు ముఖ్యమైన ఊరు మరొకటి. 1951లో నిజాం రైల్వే భారత రైల్వేలలో కలిసినా, 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినా ఈ ఏర్పాటు అలాగే కొనసాగింది.

కాజీపేట పేరు ఎత్తగానే కోచ్ ఫ్యాక్టరీ మాట రాకుండా మన ఊళ్ళో ఏ సభా ముగియదు. 1980లలో ఆశ పెట్టుకున్న ఆ ఫ్యాక్టరీ పంజాబులోని కపుర్తలాకు పోవడం, 2014 పునర్విభజన చట్టంలో దాని ప్రస్తావన రావడం, చివరకు 2023 జూలై 8న వ్యాగన్ల తయారీ కేంద్రానికి ప్రధానమంత్రి శంకుస్థాపన చేయడం మీకు తెలిసిన కథే. అది ఉద్యోగాలకు సంబంధించిన విషయం, పెద్ద విషయమే. కానీ నేటి అంశం బండి కోసం ఎదురుచూసే మనిషి, కనుక దానిని ఇక్కడే విడిచిపెడుతున్నాను.

ఇక వసతుల సంగతి. ఒక స్టేషన్‌లో ఎన్ని కుళాయిలు ఉండాలి, ఎన్ని మరుగుదొడ్లు ఉండాలి, ఎంత పొడవున పైకప్పు ఉండాలి, ఎన్ని టికెట్ కౌంటర్లు ఉండాలి అనేవి ఎవరి దయమీదా ఆధారపడేవి కావు. వాటికి రైల్వే బోర్డు కొలతలున్నాయి. వసతులను మూడు తరగతులుగా విడదీశారు: తప్పనిసరిగా ఉండవలసిన కనీస వసతులు, ఉండడం మంచిదని సిఫారసు చేసినవి, నిధులూ రద్దీ ఉంటే కల్పించదగినవి. ఏ స్టేషన్‌కు ఏ మోతాదులో ఇవ్వాలో తేల్చడానికి స్టేషన్లకు అంతస్తులు పెట్టారు. పాత కాలంలో ఏ వన్, ఏ, బీ అనేవారు. 2017 నుంచి సబర్బన్ కాని, అంటే మహానగరాల లోకల్ బండ్లవి కాని స్టేషన్లను ఎన్‌ఎస్‌జీ ఒకటి నుంచి ఆరు వరకు విభజిస్తున్నారు. ఏడాదికి 500 కోట్ల రూపాయలకు మించిన ఆదాయం గానీ, రెండు కోట్లకు మించిన ప్రయాణికులు గానీ ఉంటే మొదటి అంతస్తు. అక్కడి నుంచి మెట్టుమెట్టుగా కిందికి వస్తుంది.

ఈ లెక్కలో మన నగరానికి ఒక చిక్కు ఉన్నది, దానిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అంతస్తు నిర్ణయించేది నగరానికి కాదు, స్టేషన్‌కు. ఒకే నగరపు ప్రయాణికులు రెండు కిటికీల దగ్గర టికెట్లు కొంటే రెండు స్టేషన్ల లెక్కలు రెండు పుస్తకాల్లో విడివిడిగా పడతాయి. ఈ జనమంతా ఒకే స్టేషన్‌కు వచ్చే ఊరైతే ఆ స్టేషన్ లెక్క ఎంత పెద్దదయ్యేదో, మన రెండు స్టేషన్ల లెక్కలు వేర్వేరుగా అంత చిన్నవవుతాయి. వసతులు ఆ చిన్న లెక్కల ప్రకారమే వస్తాయి. నేను దీనిని అన్యాయం అనడం లేదు, కొలత పద్ధతి అది. కానీ విజ్ఞాపనలు రాసేవారు వరంగల్‌కు ఒకటి, కాజీపేటకు ఒకటి అని విడిగా రాయకుండా, రెండింటి ఆదాయాన్నీ ప్రయాణికుల సంఖ్యనూ కలిపి చూపి, నగరం మొత్తానికి కావలసినవి అడిగితే ఆ మాటకు బలం వస్తుంది. ఇన్నేళ్ళుగా మనం రెండు స్టేషన్ల తరఫున ఒకరి మీద ఒకరం పోటీ పడి అడుగుతూ వచ్చాము.

అమృత్ భారత్ స్టేషన్ పథకం కింద రెండు స్టేషన్లనూ ఎంపిక చేశారు. వరంగల్ స్టేషన్ పనులు ముందు పూర్తయి, 2025 మే 22న ప్రధానమంత్రి దేశవ్యాప్తంగా ఒకేసారి ప్రారంభించిన 103 స్టేషన్లలో ఒకటిగా నిలిచింది. తెలంగాణ నుంచి ఆ రోజు జాబితాలో బేగంపేట, కరీంనగర్ దానికి తోడు. దాదాపు 25 కోట్ల రూపాయల ఖర్చుతో జరిగిన ఈ పనిలో ముందరి భాగానికి కాకతీయుల శిల్పరీతిని ఇచ్చారు, లిఫ్టులు, ఎస్కలేటర్లు అమర్చారు, వేచి ఉండే గదులను కొత్తగా తీర్చారు. కట్టడం బాగున్నది, సందేహం లేదు. బయట నిలబడి ఫోటోలు తీసుకుంటున్న కుటుంబాలను చూసి నేను సంతోషించాను. కాకతీయుల పేరు పెట్టనిదే మన ఊళ్ళో సబ్బు బిళ్ళ కూడా అమ్ముడుపోదని మిత్రుడొకరు వేళాకోళమాడారు గానీ, కోట రాళ్ళకు అంత దగ్గరలో ఉన్న స్టేషన్ ఆ ముద్ర వేసుకోవడంలో తప్పేమున్నది?

అయితే స్టేషన్‌కు ముందరి భాగం ఒక్కటే కాదు ముఖ్యం. వరంగల్‌లో చాలా ఎక్స్‌ప్రెస్ బండ్లు ఆగేది రెండు నిమిషాలు, వందే భారత్ ఆగేది ఒక నిమిషం. ఆ రెండు నిమిషాల్లో దిగేవారు దిగాలి, ఎక్కేవారు ఎక్కాలి. ఇరవైకి పైగా పెట్టెలున్న బండి పొడవు దాదాపు అర కిలోమీటరు ఉంటుంది. డెబ్బై ఏళ్ళ అవ్వ తన పెట్టె ఎక్కడ ఆగుతుందో తెలియక ఇంజను వైపు నిలబడితే, పెట్టె వెనుక ఎక్కడో ఆగితే, ఆ అవ్వకు శిల్ప తోరణం ఉపయోగపడదు. అప్పుడు ఉపయోగపడేది తలమీద వెలిగే కోచ్ సూచిక బోర్డు, అది సరైన అంకె చూపడం, బండి రావడానికి చాలినంత ముందే చూపడం, ప్లాట్‌ఫాం మార్పు ఉంటే మెట్లు ఎక్కి దిగే వ్యవధి మిగిలేలా ప్రకటించడం. రెండు నిమిషాలు ఆగే స్టేషన్‌లో అన్నిటికంటె పెద్ద వసతి సమాచారమే అని నేను గట్టిగా నమ్ముతాను. జంక్షన్లలో బండి పది నిమిషాలు నిలిచే చోట సమాచారం ఆలస్యమైనా మనిషి సర్దుకోగలడు. ఇక్కడ సర్దుకునే వ్యవధి ఉండదు.

కౌంటర్ దగ్గర చూసిన అనుభవంతో జనరల్ టికెట్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన స్టేషన్లకు వచ్చేవారిలో రిజర్వేషన్ లేనివారే పెద్ద సంఖ్యలో ఉంటారు, వారికి నియమాలు చెప్పేవారు తక్కువ. 199 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి తీసుకున్న జనరల్ టికెట్‌తో మూడు గంటల్లో గానీ, ఆ తరువాత మొదట బయలుదేరే బండిలో గానీ ప్రయాణం మొదలుపెట్టాలి. 200 కిలోమీటర్లు, అంతకు మించితే మూడు రోజుల ముందు కూడా టికెట్ తీసుకోవచ్చు. మనకు దీని అర్థం ఏమిటంటే, వరంగల్ నుంచి సికింద్రాబాదుకు 142 కిలోమీటర్లు కనుక ఉదయం టికెట్ కొని సాయంత్రం బండి ఎక్కితే తనిఖీలో టికెట్ లేనట్టే లెక్క. వరంగల్ నుంచి విజయవాడకు దాదాపు 208 కిలోమీటర్లు కనుక ముందు రోజే కొనిపెట్టుకోవచ్చు. పండుగ రోజుల్లో కౌంటర్ ముందు గంట సేపు నిలబడి, ఇది తెలియక మరుసటి రోజు బండికి హైదరాబాదు టికెట్ అడిగేవారు ఎందరో. అలాగే కోవిడ్ తరువాత ప్యాసింజర్ బండ్లకు కూడా ఎక్స్‌ప్రెస్ కనీస ఛార్జీ 30 రూపాయలు తీసుకున్నారు. 2024 ఫిబ్రవరిలో మళ్ళీ 10 రూపాయలకు తగ్గించారు. పది రూపాయలతో పోయే బండి ఏదో, ముప్పై రూపాయలు పెట్టవలసిన బండి ఏదో కిటికీ పక్కన తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి పెడితే సగం తగాదాలు ఉండవు.

వరుస తప్పించుకోవడానికి ఇప్పుడు దారులున్నాయి. మొబైల్ ఫోనులో జనరల్ టికెట్ తీసుకునే యాప్ ఉన్నది; 2025 జూలై నుంచి రైల్‌వన్ పేరుతో రిజర్వేషన్, జనరల్, ఫిర్యాదు అన్నీ ఒకే చోట దొరుకుతున్నాయి. టికెట్లు ఇచ్చే యంత్రాలు కూడా ఉన్నాయి, వాటి దగ్గర సహాయకులుగా కమీషన్ మీద కూర్చునేవారిలో నాలాంటి పదవీ విరమణ చేసినవారే చాలామంది. కానీ ఏటూరునాగారం నుంచో భూపాలపల్లి నుంచో వచ్చి చేతిలో చిన్న బటన్ల ఫోను ఉన్న మనిషికి ఈ రెండు దారులూ మూసినట్టే. ఆ మనిషి ఉన్నంత కాలం కౌంటర్ ఉండాలి, కౌంటర్‌లో మనిషి ఉండాలి. యాప్ వచ్చింది కదా అని కిటికీలు మూసివేయడం వసతి కాదు.

ఆ మనిషినే ఇంకొంచెం వెంబడిద్దాం. ములుగు, నర్సంపేట, పరకాల వైపు ఊళ్ళ నుంచి ఆఖరి బస్సుకు వచ్చి, అర్ధరాత్రి దాటిన తరువాత వచ్చే బండి కోసం ఎదురుచూసే వారున్నారు. ఎంజీఎం ఆసుపత్రిలో బంధువును చూసుకొని తిరిగి మంచిర్యాల, కాగజ్‌నగర్ వైపు పోయేవారున్నారు. రిటైరింగ్ రూములు ప్రధానంగా పీఎన్‌ఆర్ నంబరు ఉన్నవారికి. చల్లని ఏసీ గదులు డబ్బు చెల్లించగలిగినవారికి. మిగిలినవారికి వేచి ఉండే హాలు, అది నిండితే ప్లాట్‌ఫాం నేల. నేల మీద పడుకోవడాన్ని మన ఊళ్ళో ఎవరూ నామోషీగా అనుకోరు, దుప్పటి పరిచి పడుకుంటారు. వారికి కావలసినవి మూడు: ఫ్యాన్ గాలి తగిలే చోటు, రాత్రి రెండు గంటలకు కూడా తాళం పడని మరుగుదొడ్డి, ఆడవాళ్ళు భయపడకుండా కూర్చునే వెలుతురు. ఒక స్టేషన్ బాగుందో లేదో తేల్చవలసిన వేళ ప్రారంభోత్సవం నాటి ఉదయం కాదు, ఏదో ఒక మామూలు మంగళవారం రాత్రి రెండు గంటలు.

నీటి విషయం త్వరగా ముగిస్తాను. రైల్ నీర్ సీసా ధర 2025 సెప్టెంబరులో లీటరుకు 15 నుంచి 14 రూపాయలకు తగ్గింది. అంతకంటె ఎక్కువ అడిగితే ఇవ్వనవసరం లేదు. కానీ ఉచితంగా తాగే కుళాయి కనీస వసతుల్లో ఒకటన్న సంగతి మరచిపోయి, నీళ్ళంటే సీసాయే అని మనమే అలవాటు పడుతున్నాము. మే నెలలో ఓరుగల్లు ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పాలా! ఆ నెలల్లో ప్లాట్‌ఫాం మీద చలివేంద్రాలు నడిపే సేవా బృందాలకు అడుగడుగునా దండం పెట్టాలి.

నడవలేనివారి సంగతి త్వరగా ముగించే విషయం కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రజలు వాడే కట్టడాలు వారికి అందుబాటులో ఉండడం హక్కు, ఉపకారం కాదు. లిఫ్టు వచ్చింది, ర్యాంపు వచ్చింది. వాటిని చేరే దారిలో ఒక్క మెట్టు ఉన్నా చక్రాల కుర్చీకి ఆ లిఫ్టు లేనట్టే. ఆటో దిగిన చోటు నుంచి పెట్టె తలుపు వరకు ఒకే గీతలా సాగాలి ఆ దారి. ఇంజనీర్లు ముక్కలు ముక్కలుగా చూస్తారు, ప్రయాణికుడికి అది ఒకే ప్రయాణం. చక్రాల కుర్చీ కావాలంటే స్టేషన్ మేనేజరు కార్యాలయంలో అడగవచ్చునన్నది చాలామందికి తెలియదు. తెలిసినా కుర్చీ తోసే మనిషి ఎవరన్నది మరో ప్రశ్న. ఇక్కడ కళాశాలల నుంచి వచ్చిన ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థులు ఉన్నట్టున్నారు. పండుగల వారంలో స్టేషన్ అధికారుల అనుమతితో ఆ పని మీరు చేయవచ్చు.

భద్రత గురించి ఒక్క సంగతి స్పష్టం చేయాలి. స్టేషన్‌లో రెండు రకాల పోలీసులుంటారు. రైల్వే ఆస్తినీ ప్రయాణికులనూ కాపాడే ఆర్‌పీఎఫ్ కేంద్రానిది. దొంగతనం, దాడి వంటి నేరాల మీద కేసు నమోదు చేసే జీఆర్‌పీ రాష్ట్ర పోలీసుల విభాగం. సంచి పోయినవాడు ఒకరి దగ్గర నుంచి మరొకరి దగ్గరకు తిరిగేది ఈ తేడా తెలియకనే. బండి కదులుతుండగా నేరం జరిగితే ఏ స్టేషన్ పరిధి అన్న మీమాంస లేకుండా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించవచ్చు. అన్నిటికీ కలిపి 139 నంబరు ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. బండి వేళలైనా, ఫిర్యాదైనా, ప్రమాదమైనా ఆ ఒక్క నంబరే. తప్పిపోయిన పిల్లలు కనబడితే 1098.

ఈ రెండు స్టేషన్లను ఒకటిగా చూడాలని నేను ఎందుకు పట్టుబడుతున్నానో 2024 సెప్టెంబరు 1న కుండపోతగా కురిసిన వాన చూపించింది. మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల మధ్య వరద పట్టాల కింది కట్టను కోసేసి, పట్టాలు గాలిలో వేలాడాయి. ఢిల్లీ – చెన్నై మార్గం ఆగిపోయింది. రైల్వే సిబ్బంది రాత్రింబవళ్ళు కష్టపడి నాలుగో రోజుకు బండ్లు నడిపించారు. ఆ పని చేసిన ట్రాక్‌మెన్‌కు మనం సన్మానం చేయలేదు, చేయవలసింది. ఆ రోజుల్లో విజయవాడ వైపు వెళ్ళవలసిన బండ్లు రద్దయ్యాయి, కొన్నింటిని వేరే దారుల్లో మళ్ళించారు. అలాంటప్పుడు వరంగల్ ప్లాట్‌ఫాం మీద ఉన్న ప్రయాణికుడికి తన బండి రాదని తెలిస్తే సరిపోదు. కాజీపేట నుంచి సికింద్రాబాదుకో బల్లార్షాకో ఏ బండి ఏ వేళకు ఉన్నదో, దానికి రోడ్డు మీద ఎలా చేరాలో ఆ నిమిషంలోనే తెలియాలి.

మేడారం జాతర మరొక ఉదాహరణ. రెండేళ్ళకోసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మల దర్శనానికి లక్షలాది మంది వస్తారు. దక్షిణ మధ్య రైల్వే వరంగల్‌కు, కాజీపేటకు ప్రత్యేక బండ్లు నడుపుతుంది, అక్కడి నుంచి ఆర్‌టీసీ బస్సులు అందుకుంటాయి. ఆ నాలుగు రోజులు రైల్వే, ఆర్‌టీసీ, పోలీసు, నగరపాలక సంస్థ ఒక్క మాట మీద నిలుస్తాయి. ఏ బండికి ఏ బస్సు అన్న లెక్క ఉంటుంది, దారి చూపే బోర్డులుంటాయి, తాత్కాలిక మరుగుదొడ్లు లేస్తాయి. బంగారం, అంటే బెల్లం, తలమీద మోసుకుంటూ వచ్చే తల్లికి కూడా దారి తెలుస్తుంది. జాతర ముగిసిన వారానికి ఆ ఏర్పాట్లన్నీ విప్పేస్తారు. పెద్ద జనసమూహానికి చేయగలిగిన పని మామూలు రోజుల చిన్న జనసమూహానికి చేయలేమని ఎవరూ అనలేరు.

అందుకే నా కోరికలు పెద్దవి కావు, వాటికి కోట్లు అవసరం లేదు. రెండు స్టేషన్లలోనూ బండ్ల బోర్డు ఒక్కటే కావాలి. వరంగల్ బోర్డు మీద కాజీపేట బండ్లు, కాజీపేట బోర్డు మీద వరంగల్ బండ్లు, వేర్వేరు రంగుల్లో కనబడాలి. ఢిల్లీకి బండి లేదనుకొని ఒకచోట రాత్రంతా కూర్చున్న మనిషికి, మరొకచోట రెండు గంటల్లో బండి ఉందని ఆ బోర్డు చెబుతుంది. రెండు స్టేషన్ల మధ్య హనుమకొండ మీదుగా రాత్రి వేళల్లో కూడా నడిచే సిటీ బస్సు కావాలి. ఇప్పుడు పగలు బస్సులున్నాయి, రాత్రి ఆటోనే దిక్కు. అర్ధరాత్రి ఆటో ధర ప్రయాణికుడి అవసరాన్ని బట్టి ఉంటుందని మీకు తెలుసు. ఆటో సోదరులను నేను తప్పుపట్టడం లేదు, వారూ నిద్ర మానుకొని నిలబడ్డవారే. ప్రీపెయిడ్ కౌంటర్ పెడితే ఇరువురికీ మేలు. వరంగల్ స్టేషన్‌కు శివనగర్ వైపు నుంచి వచ్చేవారు అండర్ బ్రిడ్జి చుట్టూ తిరిగి రానవసరం లేకుండా, ఆ వైపు ద్వారాన్ని కూడా ముందరి వైపంత శ్రద్ధగా చూడాలి. వాన పడితే ఆ బ్రిడ్జి కింద ఏమవుతుందో ఈ సభకు నేను వర్ణించనవసరం లేదు.

ఇవి ఎవరిని అడగాలి అన్నది చివరి విషయం. స్టేషన్ స్థాయిలో, డివిజన్ స్థాయిలో, జోన్ స్థాయిలో ప్రయాణికుల సలహా సంఘాలున్నాయి. వాటిలో సభ్యులు నియమితులవుతారు, సమావేశాలు జరుగుతాయి, అడిగినదానికి అధికారులు రాతపూర్వకంగా జవాబు ఇస్తారు. ఆ జవాబులు చదివే అలవాటు మనకు లేదు. సాధారణంగా అక్కడ అడిగేది ఫలానా బండికి ఫలానా చోట హాల్టు. హాల్టు అడగడం న్యాయమే గానీ, హాల్టుకు టైమ్ టేబుల్ అడ్డు వస్తుంది, బోర్డుకూ బస్సుకూ అలాంటి అడ్డేమీ లేదు. ఈ గ్రంథాలయంలో కూర్చొని రెండు స్టేషన్ల బండ్ల వేళలను పక్కపక్కన ఒకే కాగితం మీద రాసే పనికి విద్యార్థులు పూనుకుంటే, తెలుగులో అచ్చువేయించే ఖర్చు నేను పెట్టుకుంటాను. మొదటి ప్రతిని తదుపరి సమావేశంలో సలహా సంఘం సభ్యుల చేతికే ఇద్దాం. ఇక మీ ప్రశ్నలు అడగవచ్చు. తత్కాల్ టికెట్ ఎలా దొరుకుతుందన్న ప్రశ్న ఒక్కటి మినహాయించండి, దానికి జవాబు నాకు ఉద్యోగంలో ఉన్నప్పుడూ దొరకలేదు.